పాత కట్టడాన్ని చెడగొట్టకుండా ఆఫీసుగా, షోరూమ్‌గా మార్చడం ఎలా

వందేళ్ల నాటి కట్టడం ఒకటి మీ చేతికొచ్చింది. మందపాటి గోడలు, ఎత్తైన పైకప్పు, బరువైన పాత తలుపులు. కింద షోరూమ్, పైన ఆఫీసు పెట్టాలని మీ ఆలోచన. మొదటి మీటింగులోనే ఎవరో ఒకరు "లోపలంతా తీసేద్దాం, రోడ్డు వైపు గోడ ఒక్కటి ఉంచి మిగతాది కొత్తగా కట్టుకుంటే సులువు" అంటారు. ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. ఈ పని బాగా వస్తుందా, పాడవుతుందా అన్నది చాలావరకు మీరు దానికిచ్చే జవాబు మీదే ఉంటుంది.

నేనైతే ఒకటే చెబుతాను. కట్టడాన్ని బ్రాండుకు తగ్గట్టు మార్చకండి, బ్రాండు ఆ కట్టడంలో ఎలా ఒదుగుతుందో చూడండి. పాతవాటి మీద ఇష్టంతో మాత్రమే అంటున్నది కాదు, దీని వెనక లెక్క కూడా ఉంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. మీ కట్టడంలోని ఇటుకలు కాల్చడానికి, రాయి మోయడానికి, కలప కోయడానికి కావాల్సిన ఇంధనం ఎప్పుడో ఖర్చయిపోయింది, దాన్ని కూల్చితే ఆ ఖర్చంతా వృథా. కొత్తగా కట్టే భవనం పాతదానికంటే 30 శాతం తక్కువ శక్తి వాడేదైనా సరే, కట్టేటప్పుడు వాతావరణానికి చేసిన నష్టాన్ని పూడ్చుకోవడానికి 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని అమెరికాలోని నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ లెక్కగట్టింది. కాబట్టి సోలార్ ప్యానెళ్లు, సెన్సర్ లైట్లు తర్వాత సంగతి. మీరు కూల్చకుండా వదిలేసిన గోడే ఈ ప్రాజెక్టులో పర్యావరణానికి చేసే అతి పెద్ద మేలు.

సంతకం పెట్టకముందు

కట్టడం రక్షిత జాబితాలో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే ఏ మేరకు ఉంది? కొన్నిచోట్ల బయటి గోడకే రక్షణ ఉంటుంది, కొన్నిచోట్ల మెట్లు, గచ్చు, తలుపుల బందులతో సహా లోపలిదంతా లెక్కలోకి వస్తుంది. డిజైనర్‌ని పెట్టుకుని బొమ్మలన్నీ గీయించాక ఈ విషయం తెలిస్తే నెలలు పోతాయి. అందుకే చేతిలో కాగితం, పెన్సిలు మాత్రమే ఉన్న దశలోనే వారసత్వ కట్టడాల అధికారుల్ని కలవండి. "మేం ఇది చేయాలనుకుంటున్నాం, మీకు ఎక్కడ అభ్యంతరం?" అని నేరుగా అడగండి. అన్నీ తేల్చుకుని ఆమోదం కోసం వెళ్లినవాళ్లకంటే, ముందే అడిగినవాళ్లకు వాళ్లు ఎక్కువ సాయం చేస్తారు.

అద్దెకు తీసుకుంటుంటే లీజులో మూడు విషయాలు చూసుకోండి. పైకప్పు, గోడల మరమ్మతు ఎవరిది? ఖాళీ చేసేటప్పుడు పాత స్థితికి తెచ్చి ఇవ్వాలా? లీజు ఎన్నేళ్లు? మూడేళ్ల లీజు మీద సున్నపు గార పనికి ఖర్చు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు, ఆ ఆదా చేసే ప్రయత్నంలోనే చవక పుట్టీలు, ప్లాస్టిక్ రంగులు గోడెక్కుతాయి.

తొందరపడకుండా పరిశీలించండి

కొలతలు తీయించండి. పాత కట్టడంలో ఏ మూలా సరిగ్గా 90 డిగ్రీలు ఉండదు, టేపుతో నాలుగు కొలతలు తీసి ప్లాను గీస్తే ఫర్నిచర్ వచ్చిన రోజు తెలుస్తుంది తేడా. లేజర్ స్కాన్ చేయిస్తే గోడ ఎక్కడ ఉబ్బింది, దూలం ఎక్కడ వంగింది అన్నీ మిల్లీమీటర్లలో కనిపిస్తాయి.

వీలైతే అన్ని కాలాల్లోనూ కట్టడాన్ని చూడండి. అంత వ్యవధి లేకపోతే కనీసం ఒక పెద్ద వాన కురుస్తుండగా లోపల ఉండండి. నీళ్లు ఎటు నుంచి పడుతున్నాయి, ఏ గొట్టం పొంగుతోంది, ఏ మూల తడుస్తోంది అన్నది ఆ గంటలో తెలిసినంతగా ఏ రిపోర్టులోనూ తెలియదు. ఎండాకాలంలో ఏ గది ఎన్నింటికి వేడెక్కుతుందో రాసుకోండి, రెండుమూడు చవక థర్మామీటర్లు గదుల్లో వదిలేస్తే చాలు.

పగుళ్లు కనపడగానే టెన్షన్ పడక్కర్లేదు. పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నదే ముఖ్యం. దానికి అడ్డంగా కొలత గీతలున్న ప్లాస్టిక్ గేజ్ అంటించి నెలనెలా రీడింగ్ రాస్తారు. పగులు లోపల దుమ్ము, సాలెగూడు, పాత రంగు ఉంటే అది ఎప్పటిదో అని అర్థం. అంచులు పదునుగా, లోపల శుభ్రంగా ఉంటే ఇంజనీర్‌ని వెంటనే పిలవండి.

దూలాల విషయంలో చివర్లు చూడండి. మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా గోడలోకి దూరిన చోట చెమ్మ తగిలి పుచ్చుతుంది, చెద పట్టేదీ ఎక్కువగా అక్కడే. సన్నటి సూదిలాంటి డ్రిల్లుతో లోపల ఎంత గట్టిదనం ఉందో కొలిచే పరీక్ష ఉంది, అది చేయించండి. పుచ్చింది చివరి అడుగు మాత్రమే అయితే దాన్ని కోసి కొత్త కలప అతికించొచ్చు, దూలం మొత్తం మార్చాల్సిన పని లేదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది మర్చిపోతారు. పాత రంగుల్లో సీసం, పాత రేకుల్లో, గొట్టాల చుట్టూ కట్టిన పొరల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ పీచు ఉండొచ్చు. ల్యాబులో పరీక్ష చేయించకుండా ఎక్కడా సాండ్‌పేపర్ రుద్దనివ్వకండి. ఆ దుమ్ము పీల్చేది మీరు కాదు, రోజంతా అక్కడ పని చేసే మనిషి.

ఏ గది ముట్టుకోవచ్చు, ఏ గది ముట్టుకోకూడదు

ప్లాను ప్రింటు తీసి రంగులు వేయండి. ఎర్రగా వేసిన గదిలో ఏమీ మార్చకూడదు, శుభ్రం చేసి మరమ్మతు చేయడమే. పసుపు గదిలో జాగ్రత్తగా మార్చొచ్చు. పచ్చ గదిలో మీ ఇష్టం, సాధారణంగా ఇవి వెనక వైపు గదులు, ఈ మధ్యకాలంలో కలిపిన షెడ్లు. ఎర్ర గదులు ఎందుకు ఎర్రగా ఉన్నాయో ఒక్కొక్కదానికి రెండు వాక్యాలు రాయండి. మేస్త్రి దగ్గర్నుంచి ఇంటీరియర్ డిజైనర్ దాకా అందరి దగ్గరా ఆ కాగితం ఉండాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెబుతూ 1964లో వచ్చిన అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్ రెండు మంచి నియమాలు పెట్టింది: వాడకం కోసం కట్టడం అమరికనూ, అలంకారాన్నీ మార్చకూడదు, పోయిన భాగం స్థానంలో పెట్టింది మొత్తంతో కలిసిపోవాలి, కానీ అసలుది ఏదో కొత్తది ఏదో చూసేవాళ్లకు తెలియాలి. 1979లో ఆస్ట్రేలియాలో రాసుకున్న బర్రా చార్టర్ దాన్ని ఇంకా తేటగా చెప్పింది, అవసరమైనంత మార్చండి, వీలైనంత తక్కువ మార్చండి అని. పని జరిగేటప్పుడు ప్రతి వారం ఎవరో ఒకరు "ఈ తలుపు తీసేద్దామా?" అని అడుగుతారు, అప్పుడు ఈ మాటలు పనికొస్తాయి.

తర్వాత గదుల్ని పనులకు కేటాయించండి. ఇక్కడ చాలామంది తిరగేసి చేస్తారు, ముందు "మాకు 40 సీట్ల ఓపెన్ ఆఫీస్ కావాలి" అని తేల్చుకుని దానికోసం గోడలు తీస్తారు. మీరు గది ఏమి ఇస్తుందో చూడండి. పెద్ద హాలు, వీధిలోకి తెరుచుకునే గదులు షోరూమ్‌కి. చిన్న గదులు మీటింగులకు, ఫోన్ కాల్స్‌కి, ఒంటరిగా పని చేసుకునేవాళ్లకు. మందపాటి గోడల మధ్య శబ్దం దాటదు కాబట్టి అవి దీనికి బాగా పనికొస్తాయి.

బరువు లెక్క మాత్రం ఇంజనీర్‌తోనే వేయించండి. ఇంటికోసం కట్టిన చెక్క అంతస్తు సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల లెక్కన ఆలోచించి కట్టేది. ఆఫీసుకు 250 నుంచి 400, దుకాణానికి 400, ఆపైన చూస్తారు. అందుకే బరువైన సరుకు, ఫైళ్ల బీరువాలు, బ్యాటరీలు అన్నీ కింది అంతస్తులో నేల మీదే ఉంచండి. ఈ ఒక్క నిర్ణయంతో పై అంతస్తుకు ఇనుప దూలాలు వేయాల్సిన అవసరమే చాలాసార్లు తప్పిపోతుంది.

బ్రాండు ఎక్కడ కనిపించాలి

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేదీ, పని ఎక్కువగా పాడయ్యేదీ ఇక్కడే. బ్రాండు అనగానే లోగో, కంపెనీ రంగు, గోడంత పోస్టరు గుర్తొస్తాయి. ఇవేవీ వాడకుండా మీ కంపెనీ ఎలాంటిదో నాలుగు వాక్యాల్లో రాయమంటే రాయగలరా? ముందు అది రాయండి. "మేం చేసేది చేత్తో నేసిన బట్ట, దగ్గరికొచ్చి ముట్టుకుంటేనే తెలుస్తుంది" అని రాశారనుకోండి, అప్పుడు షోరూమ్‌కి కావాల్సింది కిటికీ పక్కన మంచి వెలుతురు, ముట్టుకునేందుకు వీలైన ఎత్తులో బల్ల, కూర్చునే చోటు. పోస్టరు అక్కర్లేదు.

ఈ పని ఎంత బాగా చేయొచ్చో చూడాలంటే వెనిస్‌లో సెయింట్ మార్క్ చౌక్ దగ్గర ఒలివెట్టి టైప్‌రైటర్ల కంపెనీ షోరూమ్ ఉంది. కంపెనీ అధిపతి అడ్రియానో ఒలివెట్టి అడిగితే ఇటలీ ఆర్కిటెక్ట్ కార్లో స్కార్పా 1958లో పూర్తి చేశాడు. అది శతాబ్దాల నాటి భవనంలో ఇరుకైన, పొడవాటి చోటు. స్కార్పా అందులో రాతి పలకలు ఒకదాని మీద ఒకటి తేలుతున్నట్టు కనిపించే మెట్లు పెట్టాడు, నేలంతా చిన్న గాజు ముక్కలు పరిచాడు, నల్లరాతి తొట్టిలో నీళ్ల మీద ఒక శిల్పం నిలబెట్టాడు, టైప్‌రైటర్లను వాటి కోసమే చేయించిన పీటల మీద ఒక్కొక్కటిగా ఉంచాడు. ప్రతి అతుకూ ఎంతో శ్రద్ధగా చేసిందని చూడగానే తెలుస్తుంది. ఆ కంపెనీ యంత్రాల గురించి చెప్పాలనుకున్నదీ అదే. అందుకే టైప్‌రైటర్ల కాలం వెళ్లిపోయాక కూడా జనం ఆ షోరూమ్ చూడ్డానికి వెళ్తున్నారు.

ఇంకో దారి, కట్టడాన్ని అసలు ముట్టుకోకుండా లోపల వేరే నిర్మాణం నిలబెట్టడం. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చిని పుస్తకాల షాపుగా మార్చారు. స్థలం చాలదని చర్చి లోపల అంతస్తులు వేయలేదు. మెట్లతో సహా రెండుమూడు అంతస్తుల ఎత్తున్న ఇనుప పుస్తకాల అరను ఒక పక్కగా నిలబెట్టారు. అది దేనికదే నిలబడుతుంది, రేపు విప్పేస్తే చర్చి మళ్లీ చర్చిలాగే ఉంటుంది. మీకూ ఇదే సూత్రం పెట్టుకోండి. కొత్తగా పెట్టేది ఏదైనా నట్లు, బోల్టులతో విప్పగలిగేలా ఉండాలి, గోడకు ఆనకూడదు. రంధ్రం వేయక తప్పకపోతే రాతిలో కాదు, రాళ్ల మధ్య సున్నపు అతుకులో వేయండి. అతుకుని మళ్లీ పూడ్చొచ్చు, రాతిలో పడ్డ రంధ్రం ఎప్పటికీ పోదు.

రంగుల విషయంలో ఒక చిన్న పని చేయండి, నాకు ఇది చాలా ఇష్టం. ఎండ తగలని చోట, తలుపు చట్రం వెనకో, కిటికీ పై భాగంలోనో, సన్నటి బ్లేడుతో ఒక అంగుళం మేర రంగును పొరలు పొరలుగా మెట్లలా గీకించండి. సీసం పరీక్ష అయ్యాకే, తడి చేసి, మాస్కు పెట్టుకుని. భూతద్దంలో చూస్తే పైన మొన్నటి క్రీమ్ ఎమల్షన్, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద గోధుమ, అట్టడుగున కలపను అంటుకుని ప్రైమర్ కనిపిస్తాయి. నూనె రంగు చీకట్లో ఉండి పసుపెక్కుతుంది కాబట్టి గీకిన ముక్కను కొన్నాళ్లు వెలుతురు తగలనిచ్చి అప్పుడు షేడు చూడండి. ఆ వరుసలో మీ బ్రాండు రంగుకు దగ్గరిది ఒకటి దొరికితే అంతకంటే అదృష్టం లేదు. దొరక్కపోతే గోడల్ని వాటి పాత రంగులో వదిలేసి బ్రాండు రంగును కుర్చీల గుడ్డకో, బల్ల అంచుకో, సంచులకో పరిమితం చేయండి.

ఒక కంపెనీ పని చూశాను. ముందు గోడ మీద చెక్కిన రాతి పట్టీ మొత్తం కప్పేస్తూ ఎల్‌ఈడీ బోర్డు పెట్టాలన్నారు. చివరికి ఒప్పుకుంది గుమ్మం పక్కన చిన్న ఇత్తడి పలక, లోపలి కిటికీ అద్దం వెనక వెలిగే పేరు. వీధిలో నడిచేవాళ్లకు ఆ రాతి పట్టీయే గుర్తు, "ఆ చెక్కుడు రాళ్ల బిల్డింగులో" అని అడ్రసు చెప్పుకునేది దాన్ని బట్టే. పెద్ద కంపెనీలు ఈ సంగతి గ్రహించాయి. రోమ్‌లో వరసలు వరసలుగా కమానులున్న పలాజో దెల్లా చివిల్తా ఇటాలియానా అనే భవనంలోకి ఫ్యాషన్ కంపెనీ ఫెండి 2015లో తన ప్రధాన కార్యాలయాన్ని మార్చుకుని, కింది అంతస్తును ప్రదర్శనల కోసం జనానికి తెరిచింది. ఆ కమానులే చాలినంత గుర్తు.

నీళ్లు, సున్నం, గోడ

పని మొదలుపెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు నీళ్ల సంగతి చూడండి. పైకప్పు, పెంకులు, వాన నీటి గొట్టాలు, కాలవలు. ఆ తర్వాత బయట నేల మట్టం. ఏళ్ల తరబడి రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే బయటి నేల లోపలి గచ్చుకంటే ఎత్తుకు వస్తుంది, ఇక గోడ అడుగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గోడ చుట్టూ మట్టి తీసి, కంకర నింపిన కాలవ తవ్వితే చెమ్మ ఆపడానికి గోడలోకి ఎక్కించే ఖరీదైన కెమికల్ ఇంజెక్షన్ల కంటే మంచి ఫలితం వస్తుంది.

పాత గోడలు సున్నంతో కట్టినవి. సున్నపు గారలో సన్నటి రంధ్రాలుంటాయి, గోడలోకి వెళ్లిన చెమ్మ వాటిగుండా ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూత వేయడం చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టడం లాంటిది. చెమ్మ బయటికి రాలేక పైకి పాకుతుంది, నీటిలో కరిగిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి, ఉబ్బి, ఇటుక ముఖాన్ని పొట్టులా రాల్చేస్తుంది. పాత కట్టడాల్లో అడుగు భాగాన సిమెంటు పట్టీ, దాని పైన ఒక మీటరు ఎత్తులో తెల్లగా ఉప్పు కక్కుతున్న గోడ చాలాసార్లు చూస్తాం. అక్కడ మళ్లీ పుట్టీ, మళ్లీ వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తూ పోతారు. సిమెంటు తీసేయాలి, గోడను నెలల తరబడి ఆరనివ్వాలి, తర్వాత సున్నపు గార వేయాలి. ఇంకో దారి లేదు.

సున్నం సిమెంటులా మర్నాటికి గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తీసుకుని మళ్లీ రాయిగా మారుతుంది, ఒక మిల్లీమీటరు లోతుకు దాదాపు నెల పడుతుందని పని తెలిసినవాళ్లు లెక్క వేసుకుంటారు. పల్చటి పొరలుగా వేయాలి, ఎండ, వడగాలి తగలకుండా తడి గోనెలు కట్టాలి. మీ ప్రారంభోత్సవం తేదీ దీన్ని బట్టి పెట్టుకోండి. దాని మీద రంగు కూడా ఊపిరాడనిచ్చేదే కావాలి, వెల్ల గానీ, సిలికేట్ అనే ఖనిజ రంగు గానీ. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంతసేపూ చేసిన పని వృథా.

ఇటుకల మధ్య అతుకులు నింపేటప్పుడు అతుకు ఇటుక కంటే మెత్తగా ఉండాలి. గోడ కదిలినా, తడిసినా దెబ్బ తినేది అతుకే కావాలి, ఇటుక కాకూడదు. పాతది తీయడానికి గ్రైండర్ వాడనివ్వకండి, ఇటుక అంచులు తెగిపోతాయి. ఉలితో చేత్తో తీయాలి, అతుకు వెడల్పుకు కనీసం రెట్టింపు లోతు దాకా.

గార మొత్తం పీకేసి ఇటుకలు బయటపెట్టే ఫ్యాషన్ గురించి ఒక మాట. దయచేసి వద్దు. లోపలి గోడల ఇటుకలు చాలాచోట్ల మెత్తవి, గార కింద ఉండటానికే పెట్టినవి. ఇసుకతో బ్లాస్ట్ చేస్తే కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పై పొర పోతుంది, ఇక ఆ ఇటుక ఏటా పొడి రాలుస్తూనే ఉంటుంది.

వేడి, గాలి, కరెంటు

ఇక్కడ వరస ముఖ్యం. ముందు పైకప్పు కింద ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే పొర), ఎందుకంటే అక్కడ పని సులువు, కట్టడానికి హాని తక్కువ. తర్వాత తలుపులు, కిటికీల సందులు మూయడం. తర్వాత కిటికీలకు నీడ. తర్వాత ఫ్యాన్లు. ఏసీ అన్నిటికంటే చివర. ముందే ఏసీ లెక్క వేయిస్తే రెట్టింపు సైజు మిషన్లు, రెట్టింపు లావు గొట్టాలు వచ్చి కూర్చుంటాయి.

మందపాటి గోడలు పగటి వేడిని నెమ్మదిగా తీసుకుంటాయి. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఉండే చోట రాత్రిపూట పై వెంటిలేటర్లు, కింది కిటికీలు తెరిచి ఉంచితే గోడ చల్లబడుతుంది, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ చల్లదనం ఉంటుంది. దీనికి దొంగలు, పురుగులు రాకుండా జాలీలు పెట్టాలి, తెరిచే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఫ్యాన్ గాలి ఒంటికి తగిలితే రెండుమూడు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది, అందుకే ఏసీని 26 దగ్గర పెట్టినా ఇబ్బంది ఉండదు. ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దు. వేడి గాలి పైకి పోయే చోటు అదే, పైగా మీరు ఈ కట్టడాన్ని ఇష్టపడిందే ఆ ఎత్తు చూసి.

గోడల లోపలి వైపు థర్మోకోల్ లాంటి ఇన్సులేషన్ అంటించే ముందు నిపుణుడితో లెక్క వేయించండి. చలి ప్రాంతాల్లో గోడకూ దానికీ మధ్య నీరు చేరి బూజు పడుతుంది, దూలాల చివర్లు పుచ్చుతాయి. చెక్క పీచు, జనపనార (హెంప్), సున్నం కలిపిన మిశ్రమం లాంటివి తేమను పీల్చి వదలగలవు కాబట్టి అవి కాస్త నయం.

పాత కిటికీలు మార్చకండి. వడ్రంగితో పుచ్చిన అడుగు భాగం మార్పించి, సందులకు పట్టీలు పెట్టి, లోపల వైపు ఇంకో సన్నటి అద్దం ఫ్రేము బిగిస్తే అద్దం గుండా పోయే వేడి సగానికి పైగా తగ్గుతుంది, రోడ్డు మోత కూడా తగ్గుతుంది. న్యూయార్క్‌లోని 1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో ఉన్న 6,514 కిటికీలను బయట పారేయలేదు. ఆ భవనంలోనే ఒక వర్క్‌షాపు పెట్టి, పాత అద్దాల మధ్య పల్చటి ఫిల్మ్, వాయువు నింపి మళ్లీ బిగించారు. లైటింగ్, చల్లబరిచే యంత్రాల మార్పులతో కలిపి శక్తి వాడకాన్ని 38 శాతం తగ్గించేలా వేసిన పథకంలో అదొక భాగం. అంత పెద్ద భవనంలో కుదిరింది మీ 30 కిటికీలకు కుదురుతుంది.

వైర్లు, గొట్టాల కోసం గోడలు గాడి కొట్టకండి. వాడకంలో లేని పొగగొట్టాలు, పాత నీళ్ల షాఫ్టులు, చెక్క నేల కింది ఖాళీ, ఇవన్నీ ఉచితంగా దొరికే దారులు. అవి చాలకపోతే పైపైనే కనిపించేలా నీటుగా ఇనుప గొట్టాల్లో వేయించండి, అన్నీ వరసగా, నిలువుగా. బాత్రూములు, వంటగది ఒకే నిలువు వరసలో, పచ్చ గదుల్లో పెట్టండి, ఎర్ర గదుల మీద నీళ్లు ఉండకూడదు.

వెలుతురు, శబ్దం, మెట్లు

పని బల్లల మీద 500 లక్స్ (వెలుతురు కొలత) చాలు, గది మొత్తానికి అక్కర్లేదు. షోరూమ్‌లో రంగులు సరిగ్గా కనిపించాలంటే సీఆర్ఐ (లైటు కింద రంగులు ఎంత అసలులా కనిపిస్తాయో చెప్పే, 100కి వేసే అంకె) 90కి పైన ఉన్న ఎల్‌ఈడీలు తీసుకోండి. గరుకు రాతి గోడ మీద పక్క నుంచి లైటు పడితే అందంగా ఉంటుంది, అదే లైటు సున్నపు గోడ మీద పడితే ప్రతి ఎగుడుదిగుడూ కనిపిస్తుంది. కొనే ముందు రాత్రిపూట ఒక లైటు పట్టుకుని గది అంతా తిరిగి చూడండి.

ఎత్తైన గదుల్లో మాటలు మారుమోగుతాయి. తివాచీలు, మందపాటి తెరలు, పుస్తకాల అరలు, పైనుంచి వేలాడదీసిన ఫెల్ట్ పలకలు సరిపోతాయి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు మెయిన్ గుమ్మం నుంచే రావాలి, వెనక సందు నుంచి కాదు. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, అంటే అర మీటరు ఎత్తుకు 6 మీటర్ల పొడవు. అంత చోటు లేకపోతే చిన్న ప్లాట్‌ఫారం లిఫ్టు పెట్టండి.

నిప్పుతో జాగ్రత్త, ముఖ్యంగా పని జరిగేటప్పుడు

పాత కట్టడాలకు అతి ప్రమాదకరమైన సమయం మరమ్మతు కాలమే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఆర్ట్ స్కూల్ మెకింటాష్ భవనం 2014లో ఒకసారి కాలి, దాన్ని బాగుచేస్తుండగానే 2018లో మళ్లీ కాలిపోయింది. పారిస్ నోట్రడామ్ 2019లో కాలినప్పుడు కూడా మరమ్మతులు నడుస్తున్నాయి. కాబట్టి వెల్డింగ్, గ్యాస్ టార్చ్ పనికి ప్రతిరోజూ వేరుగా రాతపూర్వక అనుమతి పెట్టండి, ఆ పని ముగిశాక కనీసం గంట పాటు ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో అక్కడే కాపలా ఉండాలి. వీలైతే వెల్డింగ్ అంతా బయట చేయించి లోపల బోల్టులు బిగించండి. రోజూ సాయంత్రం చెత్త, రంపపు పొట్టు బయటికి పోవాలి, మెయిన్ స్విచ్ ఆపాలి.

లావు దూలాలను చూసి భయపడి అన్నిటికీ బోర్డులు కప్పకండి. మంటల్లో కలప నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది, ఆ బొగ్గు పొరే లోపలి కలపను కాస్త కాపాడుతుంది. ఇంజనీర్ ఈ లెక్కతో అరగంటకో గంటకో దూలం ఎంత మిగులుతుందో చెప్పగలడు. సన్నటి పలకలు, చెక్క మెట్లకు మాత్రం రక్షణ కావాలి.

కాంట్రాక్టర్, డబ్బు, సామాను

అన్నిటికంటే తక్కువ రేటు వేసినవాణ్ణి కాకుండా సున్నం పని చేసిన మేస్త్రీ, పాత తలుపులు బాగుచేసిన వడ్రంగీ ఉన్నవాణ్ణి ఎంచుకోండి. ఆయన అయిదేళ్ల కిందట చేసిన పని ఒకటి చూపించమనండి, మొన్న చేసింది ఎలాగూ బాగానే ఉంటుంది. ప్రతి పనికీ ముందు ఒక చదరపు మీటరు నమూనా చేయించి, నచ్చాక సంతకం పెట్టి, దాన్ని చివరిదాకా గోడ మీదే ఉంచండి. బడ్జెట్‌లో 15 నుంచి 20 శాతం పక్కన పెట్టండి. గార విప్పాక, గచ్చు ఎత్తాక ఏదో ఒకటి బయటపడుతుంది.

తీసిన ప్రతి తలుపు, పలక, పెంకు, బందుకూ నంబరు వేసి ఫొటో తీసి దాచండి. పుచ్చిన దూలంలో మిగిలిన మంచి కలపతో రిసెప్షన్ బల్ల, షోరూమ్ పీటలు చేయించుకోవచ్చు, కొత్త కలప కొనాల్సిన పని తగ్గుతుంది. కొత్తవి కొనేటప్పుడు ప్లైవుడ్‌లో, జిగురులో ఫార్మాల్డిహైడ్ (గాలిలోకి వచ్చి ఆరోగ్యాన్ని చెడగొట్టే రసాయనం) తక్కువ ఉన్నవి అడగండి. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ (LEED) లాంటి గ్రీన్ సర్టిఫికెట్ కావాలంటే మొదటి నెలలోనే చెప్పాలి, ఎందుకంటే ఎంత ఉంచారు, ఎంత తీశారు, చెత్త ఎటు పోయింది అన్న లెక్కలన్నీ పని జరుగుతుండగానే రాయాలి. లీడ్‌లో 60 పాయింట్లకు గోల్డ్, 80కి ప్లాటినం; పాత కట్టడాన్ని నిలబెట్టినందుకే కొన్ని పాయింట్లు వస్తాయి. సర్టిఫికెట్ అక్కర్లేదనుకున్నా ఆ లెక్కలు రాయండి, రేపు కస్టమర్లకు చెప్పుకోవడానికి మాటలు కాదు, అంకెలు ఉంటాయి.

లోపలికి చేరాక

మొదటి ఏడాది కరెంటు, నీళ్ల మీటర్లు షోరూమ్‌కి, ఆఫీసుకి వేర్వేరుగా పెట్టి నెలనెలా చూడండి. కొత్త గారలో వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి, అవి సహజం, ఏడాది ఆగి ఒకేసారి వెల్లతో పూడ్చండి. పనిచేసిన ప్రతి మేస్త్రి వాడిన సున్నం, ఇసుక పాళ్లు, రంగు షేడ్లు, దాచిన తలుపుల జాబితా, వైర్లు వెళ్లిన దారుల ఫొటోలు ఒక ఫైల్లో పెట్టి ఒక కాపీ కట్టడంలోనే ఉంచండి. ఊడ్చి తుడిచేవాళ్లకు పాత గచ్చు మీద యాసిడ్ వాడొద్దని, సున్నపు గోడ మీద తడి గుడ్డ గట్టిగా రుద్దొద్దని మొదటి రోజే చెప్పండి. వానాకాలం ముందొకసారి, ఆకులు రాలాక ఒకసారి పైకప్పు కాలవలు శుభ్రం చేయించండి, ఆ పనికి పేరు రాసి ఒక మనిషిని పెట్టండి.